అక్క ఆర్పించిన కొవ్వొత్తి

మొన్న ఆళ్లగడ్డలో అక్క జ్ఞాపకార్థ కూడిక ముగిశాక, ఆమె మనవరాలు నా చేతిలో ఒక గాజు గ్లాసు పెట్టింది. అందులో పావు వంతు కూడా కాలని కొవ్వొత్తి, పైన వేసవి మల్లెతోట అని చీటీ. నంద్యాలకు తిరిగొచ్చే బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, పక్క సీటావిడ ఈ చలికాలంలో మల్లెలెవరివని వెతుక్కుంది.

అక్క అత్తగారి వాళ్లకు ఆళ్లగడ్డ బయట పూలతోట ఉండేది. వేసవిలో మల్లె, వానలకు సంపెంగ, చలికి మరువం. తెల్లారకముందే కోసి నంద్యాల అంగళ్లకు పంపేవాళ్లు. బావ పోయాక కూడా అక్కే కోసేది, మూరలు కట్టేది. ఒక్కటి తలలో పెట్టుకోవడానికి మాత్రం లేదు. మేం ప్రార్థనకు పోయేవాళ్లమే అయినా, ఈ విషయంలో మా ఇళ్లకూ ఊళ్లోని మిగతా ఇళ్లకూ తేడా ఉండేది కాదు.

మా అమ్మ ఏటా సమాధుల పండుగకు, చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి కొత్తవి పోసేది. ఆ పని నేర్చిన అక్క ఒక వేసవిలో మైనాన్ని తురిమి, మూత డబ్బాలో మల్లెల మధ్య పొరలుగా పరిచి, పూలు వాడినప్పుడల్లా మార్చి, వాసన పట్టాక ఒక కొవ్వొత్తి పోసి దాచుకుంది. నవంబరులో ఆ పండుగ రోజున దాన్ని బావ సమాధి మీద వెలిగించింది. కాలం కాని కాలంలో మల్లె వాసన రాగానే ఆమె అత్త, బంధువులందరి ముందూ అక్క ముడి విప్పి, వేళ్లు పెట్టి వెతికింది. పూలు దొరకలేదు. వాసన ఎక్కడిదో తెలిశాక కొవ్వొత్తిని కిందపడేసి తొక్కింది.

"మొగుణ్ణి మన్నులో పెట్టుకోని, నీకింగా పూల వాసన కావల్సొచ్చిందా?"

అక్క ముడి వేసుకుంది.

చాలా ఏళ్లకు అత్త మంచాన పడింది. వీపంతా పుండ్లు, కన్నకూతుళ్లు కూడా గడప దగ్గరే నిలబడి పలకరించి పోయేవాళ్లు. అక్క మాత్రం కడిగేది, తినిపించేది, గుడ్డలు మార్చేది. ఒకరోజు నేను అక్కడుండగానే ముసలామె అడిగింది.

"ఆ పూల కొవ్వొత్తి ఒగటి ముట్టీయే. నా కంపు నేనే ఓర్సుకోలేకుండాను."

"నీ కొడుకు ఆడ మన్నులో ఉండాడు గదత్తా. నీకేల పూల వాసన?"

అక్క ఆ గదిలో ఉత్త కొవ్వొత్తి వెలిగించింది. పూలది వంటింట్లో వెలిగించి, మధ్య తలుపు దగ్గరగా వేసింది. పూర్తిగా మూయలేదు. అప్పటినుంచి రోజూ అంతే. ముసలామె రోజూ అడిగేది. మల్లెలు పోయి సంపెంగ వచ్చింది, సంపెంగ పోయి మరువం వచ్చింది. మరువం వాసన అలా సన్నగా వస్తుండగానే ఆమె ప్రాణం పోయింది. అక్క వంటి కోడలు ఉండదని ఊరంతా అన్నారు.

ఇప్పుడు మా ఇళ్లలో భర్త పోయిన ఆడవాళ్లు పూలు పెట్టుకునే ప్రార్థనకు వస్తున్నారు, ఎవరూ ముడి విప్పి చూడరు. మల్లె వాసన ఏ నెలలోనైనా అంగట్లో దొరుకుతుంది. అక్క చివరి రోజుల్లో మనవరాలు ఈ గ్లాసు కొని తెచ్చి మంచం పక్కన వెలిగిస్తే, అక్క కళ్లు తెరిచి పక్కగది తలుపు వైపు చూసిందట. ఆ గదిలో ఇప్పుడు వడ్ల మూటలు తప్ప ఏమీ లేవు.

"ఆర్పేయ్ పాపా. ముసలామె అడుగుతాది."

ఏ ముసలామె అని ఆ పిల్ల నన్ను అడిగింది. బస్సుకు టైమవుతోందని చెప్పి వచ్చేశాను.