అమ్మ రెండోసారి అడిగిన మాట

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్లే బస్సులో నేను ఫోనులో తెలుగు మాట్లాడగానే, పక్కసీటు పెద్దమ్మ తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు నా చెయ్యి పట్టుకుంది.

"మా ఇంట్లోనూ తెలుగే నాయనా. ఇది మా పాప. జర్మనీలో కమ్యూనికేషన్ ఇంజనీరింగు పెద్ద సదువు సదివొచ్చె."

చంద్రమండలంతో సైతం మాట్లాడగల ఆ అమ్మాయిని తెలుగులో పలకరించాను. "హలో" అని కిటికీ వైపు తిరిగింది.

"ఆడ మీ ఆంద్రా పిల్లోళ్లు దీని తెలుగుకు నగినారంట. అప్పట్నించి నాతో కూడా అరవమే."



విరుదునగర్ వచ్చింది. "దిగుదామా పాపా?" అందామె. కూతురు కదల్లేదు.

తల్లి నా చెయ్యి వదిలేసి, అదే మాట తమిళంలో అడిగింది. అప్పుడు లేచింది.