అక్షరాల మీద నూనె

నాచారంలో ఒక స్టిక్కర్ షాపులో పని చేస్తాను. ఆటోలకు, స్కూలు బస్సులకు వినైల్ షీటు అతికించడం నా పని. మా నాన్న ఇదే రోడ్డు మీద బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు పని తగ్గిపోయింది. ఆయన చివరిసారి కుంచె పట్టింది అక్క పెళ్లయిన ఏడు, బావ పడవ మీద. “యేసే మా చుక్కాని” అని ఎర్ర రంగుతో రాశాడు. డబ్బా పట్టుకుని పక్కనే నిలబడ్డాను. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. గీత పూర్తయ్యాకే “స్తోత్రం” అనేవాడు. ఆ ఏడే ప్రభువు దగ్గరకు వెళ్లిపోయాడు.

బావ ఉప్పల్ చెరువులో చేపలు పడతాడు. చిన్న ఫైబర్ పడవ. ఎండకు రంగు పెచ్చులు లేస్తుంటే ఒకరోజు నన్ను పట్టుకున్నాడు.

“మరదలా, ఊళ్లె ఆటోలన్నిటికి బట్టలు తొడుగుతవ్. నా పడవ జేసిన పాపమేంది?”

“నాన్న అక్షరాలు పోతయి గద బావా?”

“ఫోటో తీసుకో. గవే మాటలు కంప్యూటర్ల కొట్టి మీద వెయ్యి. మస్తు మెరుస్తయి.”

అమ్మ వింటూనే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, దుమ్ము పడకుండా పడవను మా సంఘం రేకుల షెడ్డులోకి తెచ్చాము. పెచ్చులన్నీ గీకాను. నాన్న అక్షరాలు మాత్రం గట్టిగానే ఉన్నాయి, వాటిని ముట్టలేదు. పడవంతా తుడిచి, అమ్మను అక్కడే ఉంచి, షీటు కోసం షాపుకు వెళ్లొచ్చాను. నీలం షీటు పరిచి, వేడి చేస్తూ, ప్లాస్టిక్ పట్టీతో గాలి బుడగలు తోశాను. అంతటా అతుక్కుంది. అక్షరాల మీద మాత్రం నొక్కిన కొద్దీ లేచింది. కింద వేలు పెట్టి చూస్తే జిడ్డు.

“అమ్మా, ఈడ ఏం రాసినవ్?”

“ప్రార్థన నూనె, బిడ్డా. పని షురూ జేసే ముందు రాయాలె గద?”

బావ పగలబడి నవ్వాడు. “అత్తా, నూనె అయింది. ఇగ జర ఉప్పు కారం పట్టియ్యి, పడవనే వేపుకుందం.”

నాన్న కూడా పనికి ముందు నూనె రాసి ప్రార్థించేవాడు. గోడకు కాదు, నిచ్చెనకు.

జిడ్డు పోవాలని, రంగు పలచన చేసే థిన్నర్‌లో ముంచిన గుడ్డతో మొదటి అక్షరం అంచు తుడిచాను. నూనెతో పాటు ఎరుపు కూడా గుడ్డకు అంటింది. అమ్మ ముఖం వైపు చూడలేకపోయాను. బావ నవ్వు ఆగిపోయింది.

“ఉండనీ మరదలా. గంత మటుకు కోసెయ్యి.”

బ్లేడుతో అక్షరాల చుట్టూ షీటు కోసి తీసేశాను. పడవకు కిటికీ పెట్టినట్టయింది. నాకు తోచనిది దేవుడు అమ్మ చేతికి చెప్పాడని నేటికీ నమ్ముతాను. షాపులో చెబితే నవ్వుతారు.

ఈ వేసవికి ఆ నీలం వెలిసింది. షీటు మార్చమని బావ పడవను మళ్లీ అదే షెడ్డుకు తెచ్చాడు. మోకాళ్ల నొప్పులతో అమ్మ రాలేక, నూనె సీసా నాకిచ్చి పంపింది. కిటికీ కొలత ముందే తీసుకున్నాను. ప్రార్థించి, నూనె తెడ్డుకు రాశాను.