నవసాగరం పొగ

పదో తరగతిలో నాకు రెండు జబ్బులుండేవి. తెలిసింది చెప్పకుండా ఉండలేకపోవడం ఒకటి, గొప్పలకు పోవడం ఇంకొకటి. మా నాన్నను మేం అబ్బా అంటాం. మంచిర్యాల మార్కెట్ గోడ పక్కన కూర్చుని ఇత్తడి గిన్నెలకు కళాయి, అంటే లోపల తగరం పూత, వేసేవాడు. బళ్లో మాత్రం ఆయనకు గిన్నెల దుకాణం ఉందని చెప్పుకున్నాను. స్నేహితురాళ్లతో అటు వెళ్లాల్సి వస్తే ఏదో వంక పెట్టి సందు మార్చేదాన్ని.

ఒక రోజు సైన్సు సారు ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం మొదలుపెట్టారు. "ఆమ్లం, క్షారం కలిస్తె ఉప్పు, నీళ్లు అయితయి. ఉప్పంటె కూరల వేసేదొక్కటే కాదు," అంటూ బోర్డు మీద అమ్మోనియం క్లోరైడ్ అని రాశారు. "దీన్నే నవసాగరం అంటరు. ఎవరన్న చూసిన్రా?"

చూడటమేమిటి, మా ఇంట్లో డబ్బా నిండా ఉంది! నా చెయ్యి నన్ను అడగకుండానే లేచింది.

"కాలిస్తె తెల్లటి పొగ లేస్తది సార్. ముక్కు మండుతది, కండ్లల్ల నీళ్లొస్తయి."

"నీకెట్ల తెల్సు?"

"చూసిన సార్, మా ఇంట్ల ఉన్నది," అని నోరు మూసుకున్నాను. ల్యాబులో సీసా ఎప్పుడో ఖాళీ అయిందట. రేపు కొంచెం పట్టుకురమ్మన్నారు.

సాయంత్రం అడిగితే అబ్బా మురిసిపోయాడు. అయిదో తరగతితోనే బడి మానేసిన మనిషి. "నవసాగరం మీద పాఠముంటదా! నేనొచ్చి దేగ్చా గిన్నెకు కళాయి వేసి చూపియ్యనా బేటా?"

"వద్దబ్బా, సార్ జరంతనే తెమ్మన్నడు," అన్నాను గబుక్కున. పొట్లం కట్టి నా సంచిలో పెట్టాడు.

మర్నాడు సారు ఆ పొడిని పొడుగాటి పరీక్షనాళికలో వేసి, నడుమ కొంచెం గాజుదూది కుక్కారు. మూతి దగ్గర తడిపిన లిట్మస్ కాగితాలు రెండు, ఎర్రదొకటి, నీలిదొకటి పెట్టి, కింద మంట వెలిగించారు. మేమంతా బెంచీలెక్కి చూస్తున్నాం. ఉన్నట్టుండి ఎర్ర కాగితం నీలమైంది! "క్షారం!" అని అరిచాం. కాసేపటికే రెండు కాగితాలూ ఎర్రబడ్డాయి. "ఆమ్లం!" క్లాసంతా ఒకటే గోల. వేడికి ఆ ఉప్పు విడిపోయి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అవుతాయట. అమ్మోనియా తేలిక కాబట్టి అది ముందు ఉరికొస్తుందట. చల్లబడితే రెండూ మళ్లీ కలిసి తెల్లటి ఉప్పే అవుతాయట. చిన్నప్పటి నుంచి నేను తిట్టుకుంటూ పీల్చిన పొగ కథ ఇదా! సంతోషంతో నా కాళ్లు బెంచీ మీద ఆగలేదు.

"మరి కళాయి వేసేటోళ్లు దీన్ని ఇత్తడి మీద ఎందుకు చల్లుతరు?" అని సారు అడిగారు.

నాకు తెలుసు. చెబితే దుకాణం గుట్టు రట్టవుతుంది, చెప్పకపోతే నా కడుపు పగిలిపోతుంది.

"నలుపు పోవాల్నని సార్! కాలిస్తె ఇత్తడి నల్లగయితది. ఆ పొగల ఆమ్లం నలుపును తినేస్తది. అప్పుడు తగరం పెట్టి దూదితోని రుద్దితెనే పట్టుకుంటది. కళాయి లేకుంటె చింతపండు పులుపుకు గిన్నె చిలుమెక్కుతది, చారు పాడయితది. మా అబ్బా దినాం చేసే పనే సార్!"

"దుకాణమన్నవు గదనే?" అంది పక్కనున్న పిల్ల.

"అబద్ధం చెప్పిన," అన్నాను. ముఖం మండిపోతోంది, అయినా నవ్వొస్తోంది.

సారు కళ్లు మెరిశాయి. "మీ అబ్బాను తోలుకరా పో. నాకు సుత చూడాల్నని ఉన్నది. ఫోన్ల వీడియో తీసుకుంట," అన్నారు.

మార్కెట్ దాకా ఒక్క ఉరుకు ఉరికాను. అబ్బా ఏదో హోటల్ వాళ్ల దేగ్చా తోముతున్నాడు. "సార్ పిలుస్తుండు అబ్బా! తగరం, గాలి పంఖా అన్ని తీసుకో. క్లాసంత నీకోసమే చూస్తున్నరు!"

గబగబా సామాను సర్దుతూ మధ్యలో ఆగాడు. "ఆడ ఏమని చెప్పాలె బేటా? గిన్నెల దుకాణమనే అనాల్నా?"

ఆయనకు నా అబద్ధం తెలుసు. ఎన్నాళ్ల నుంచి తెలుసో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కళాయి అబ్బా. కళాయి అనే చెప్పు," అని బొగ్గులకు గాలి కొట్టే పంఖాను భుజానికెత్తుకున్నాను.

మేం వెళ్లేసరికి ఇంటర్వెల్ గంట కొట్టారు. బడి పిల్లలంతా గేటు దగ్గరే ఉన్నారు. "జరుగుండ్రి, తోవ ఇయ్యిండ్రి," అని గొంతు చించుకుని అరిచాను, "మా అబ్బా వస్తుండు!"