ప్రమీలమ్మ చేతులు

ఆళ్లగడ్డలో మా చర్చిలో ప్రభు బల్ల ఆరాధనలో ద్రాక్షరసం పోసిచ్చే కప్పులు కడిగే పని ప్రమీలమ్మది. బొటనవేలంత గాజు కప్పులు. ఆమె కడిగినవే కడిగేది, ఆరినవి కూడా మళ్లీ తడిపేది. వేళ్లు పగిలి నెత్తురొచ్చేది. మేమంతా దాన్ని భక్తి అనుకున్నాం. పాస్టరుగారైతే ప్రసంగంలోనే ఆ చేతుల్ని మెచ్చుకున్నారు. మా తెలివి అట్లా ఏడ్చింది.

కూతురు వందన కాన్పయి పసిబిడ్డతో పుట్టింట్లో ఉంది. బిడ్డ ఏడిస్తే ప్రమీలమ్మ ముందు కొళాయి దగ్గరికి పరుగెత్తేది. కడుక్కుని వస్తుంటే చెయ్యి తలుపుకు తగిలేది. మళ్లీ వెనక్కి. ఈలోగా బిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రపోయేది. మనవరాలిని ఆమె ఒక్కసారీ ఎత్తుకోలేదు.

“అమ్మకు నా బిడ్డంటే ఇష్టం లేదు నాయనా,” అని వందన తండ్రి యోహాను దగ్గర ఏడ్చింది.

ఆ రోజుల్లోనే నంద్యాల నుంచి దీపిక అనే డాక్టరమ్మ మా చర్చికి వచ్చింది. చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు మీద పరిశోధన చేస్తోందట. ఓసీడీ అంటారట. అట్లాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

“మా సంఘంలో యాడుండారమ్మా అట్లాటోళ్లు!” అని మా సంఘపెద్ద యేసుదాసుకు పౌరుషం వచ్చింది. “శుభ్రమంటే ఏందో సూపిస్తా, రా,” అని ఆమెను నేరుగా కప్పులు కడిగే చోటికి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను.

డాక్టరమ్మ కళ్లు ఆ పగిలిన వేళ్ల మీదే ఆగాయి. పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

“కడగకపోతే ఏమవుతుందని భయం అమ్మా?”

ఇన్నేళ్లలో మాలో ఒక్కరికీ ఆ మాట అడగాలని తోచలేదు.

“నా చేతుల్నుంచి ఏందో అంటుకోని బిడ్డ సచ్చిపోతాదని,” అంది ప్రమీలమ్మ. “పిచ్చని నాకూ తెలుసు మేడం. చేతులు ఇనవు.”

“పిచ్చి కాదమ్మా, జబ్బు. ఏ వైద్యం ఎవరికి పనిచేస్తుందో చూడటమే నా పని. ఇష్టమైతేనే రండి.”

యోహాను వారం వారం ఆమెను నంద్యాల బస్సెక్కించి తీసుకుపోయాడు. మందులిచ్చారు. భయం పుట్టినా కొళాయి ముట్టకుండా, అది తగ్గేదాకా ఓర్చుకుని కూర్చోమన్నారు. వినడానికి తేలికే. ఒకరోజు వాళ్లింట్లో ఆమె అట్లా వణుకుతూ కూర్చోవడం చూసి నేను బయటికొచ్చి ఏడ్చాను.

ఒక మధ్యాహ్నం, నేనుండగానే, ప్రమీలమ్మ చేతులు కడక్కుండా మనవరాలు ఫెబాను ఎత్తుకుంది. ఆ మహాతల్లి కాసేపటికే అమ్మమ్మ చీరంతా తడిపేసింది. వందన కంగారుగా చేతులు చాచింది.

“ఇట్లియ్యి మా. పోయి కడుక్కుందువు.”

ప్రమీలమ్మ కొళాయి వైపు చూసింది. తర్వాత బిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకుంది.

“ఉండనీలే వందనా. ఇంగ కొంచేపు ఉండనీ.”