మునెమ్మక్క వినాలనుకున్న మాట

ఈ మధ్యాహ్నం భోజనాల గదిలో పెద్ద గోల. పప్పులో ఉప్పు పడలేదు. పిల్లలంతా కంచాలు మోగిస్తూ వంటావిడను ఏకిపారేస్తున్నారు. నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ చప్పటి రుచికి మునెమ్మక్క గుర్తొచ్చింది. అయినవాళ్ల చేతుల్లోనే నలిగిపోయి వచ్చిన ఆడపిల్లలను సాకే ఈ హోసూరు ఆశ్రమంలో ఆమె చాలా ఏళ్లు వార్డెన్. ఊరు ఉద్దనపల్లి, చదువు ఐదో తరగతి. నేనేమో కౌన్సెలింగ్ పట్టా పట్టుకుని దిగినదాన్ని. ఆ పట్టా గొప్ప దిగడానికి నాకు కొంతకాలం పట్టింది.

నేను చేరిన కొత్తలో కల్లావి వైపు నుంచి పదమూడేళ్ల పిల్ల వచ్చింది. పద్మ అనుకుందాం. చెప్పిన పనల్లా చేసేది, పెట్టిందల్లా తినేది. 'బాగా కుదురుకుంటోంది' అని ఫైల్లో రాశాను. మునెమ్మక్క అది చదివి నన్ను ఎగాదిగా చూసింది.

"యాడ కుదురుకునిందమ్మా? మూడు దినాలుగా ఆ బిడ్డకు ఉప్పులేని పప్పే పోస్తా ఉండాను. ఒక్క మాట అనలేదు."

నాకు ఒళ్లు మండింది. "పసిపిల్లను ఇట్లా ఏడిపిస్తారా అక్కా?"

"నేనూ అదే తింటా ఉండాను గదమ్మా. వద్దనేదే మరిచిపోయిండాది అది. ఆ మాట దాని నోట్లోనుంచి రావల్ల."

ఆమె చేసింది సరైనదో కాదో నేను ఈనాటికీ తేల్చుకోలేదు. పద్మ మాత్రం ఉప్పు ఊసెత్తలేదు. చివరికి మునెమ్మక్కే ఓడిపోయి పప్పులో ఉప్పు వేసింది.

ఆ నెలలోనే పద్మ మేనత్త వచ్చింది, పిల్లను ఇంటికి తీసుకుపోతానని. పద్మను హింసించిన మనిషి ఆ ఇంటికి ఇంకా వచ్చిపోతున్నాడని మాకు తెలుసు, రుజువు లేదు. కృష్ణగిరిలో పిల్లల సంక్షేమ అధికారి ముందు కూర్చున్నాం. పిల్ల సరేనంటే పంపేయడమే. "అత్తతో పోతావా?" అని ఆయన మెత్తగానే అడిగాడు. పద్మ తలూపింది. ఆయన కలం తీశాడు.

మునెమ్మక్క లేచింది. "ఒక్క నిమిషం సార్. పద్మమ్మా, పొద్దుగూకేదాకా ఎండలో నిలబడుకుంటావా?"

పద్మ తలూపింది.

"చెప్పులు ఈడ విడిచిపెట్టి?"

పద్మ మళ్లీ తలూపి, వంగి చెప్పులు విప్పసాగింది.

అధికారి కలం మూత పెట్టి, పిల్లను మా దగ్గరే ఉండనివ్వమన్నాడు. తిరుగు బస్సులో మునెమ్మక్క కొంగు అడ్డం పెట్టుకుని హోసూరు దాకా ఏడ్చింది. "అందరి ముందర బిడ్డను అట్ల అడిగినానే" అని.

ఆరు నెలలు గడిచాయి. ఒక ఉదయం మునెమ్మక్క జడ వేయబోతే పద్మ ఆమె చేతిలోంచి దువ్వెన లాక్కుంది. "వద్దక్కా, నేనే వేసుకుంటాను." పాపిడి వంకర, జడ వదులు. మునెమ్మక్క ఆ రోజంతా కనబడిన ప్రతివాళ్లకూ ఆ జడ చూపించింది.

ఆమె పోయి నాలుగేళ్లు. పిల్లలు వస్తూనే ఉన్నారు. అలసిపోయాను, దాచుకోవడం దేనికి? కొత్త ఫైలు తెరవాలంటే చెయ్యి రాని రోజులున్నాయి. మానేస్తానని ఉత్తరం రాసి చించేశాను కూడా. తలూపిన పిల్లను నమ్మకపోవడం మాత్రం నాకు మునెమ్మక్క అంటించిపోయిన అలవాటు. నిన్న సాయంత్రం, మూడు నెలలుగా అన్నిటికీ తలూపుతున్న ఒక పిల్ల గదికి వెళ్లాను. తలుపు సగం తీసి, "ఇప్పుడు రావద్దక్కా" అని నా ముఖం మీదే మూసేసింది. లోపల గడియ పడింది. కాళ్లు పీకుతున్నాయి, అక్కడే వరండాలో కూలబడ్డాను. సంతోషంతో ఏడుపొచ్చింది. చెప్పుకుందామంటే మునెమ్మక్క లేదు.