బీరువాలో ఎం.ఏ.

మా పైవాటా కళ్లజోళ్ల పిన్ని సంగీతంలో ఎం.ఏ. బీరువాలో నిలబడి పాసయిందని వీధంతా అంటారు. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా నిప్పు లేందే పొగ రాదు కదా!

పిన్ని కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగిస్తుంది, సాయంత్రం కాలేజీకి పోతుంది. ఎం.ఏ. చేతికొస్తే బడిలో సంగీతం టీచరు ఉద్యోగం ఖాయం. బాబాయిదేమో ప్రెస్సులో రాత్రి డ్యూటీ. తెల్లారి వచ్చి పడుకుంటాడు. ఆయన నిద్ర ఎంత పల్చనంటే, ఎదురింట్లో ఆవలించినా లేచి కూర్చుంటాడు. మరి పిన్ని సాధకం ఎప్పుడు చేస్తోందని నాకు మొదటినుంచీ అనుమానమే.

ఒకరోజు బాబాయి మధ్యలో లేచాడట. పిన్ని చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి, తలుపు లోపలి గడియ పెట్టే ఉంది, మనిషి మాత్రం లేదు. బట్టల బీరువాలోంచి ఎవరో మూలుగుతున్నారు. ఆయన చీపురుకట్ట ఎత్తి పట్టుకుని, బీరువా తలుపు లాగి, లోపల ఎవర్రా అన్నాడు.

"నేనే. తలుపెయ్యండి, శ్రుతి పోతోంది," అంది పిన్ని, రగ్గుల మధ్యలోంచి.

అలా రెండేళ్లు రగ్గులకే పాడింది. దాంతో మొదటిసారి పరీక్షలో, అంత పెద్ద హాల్లో, గొంతు నూతిలో పడ్డ పిల్లిలా అయిపోయింది. తప్పింది. ఇంకోసారి తప్పితే కాలేజీలో పేరు కొట్టేస్తామన్నారు.

రెండోసారీ అంతే. పల్లవి దగ్గరే గొంతు పట్టేసింది. గోడవారన తంబురాలు పెట్టుకునే బీరువా ఉందట. అందులో నిలబడి పాడతానని పిన్ని అడిగింది. పరీక్ష పెట్టే పెద్దాయన నాకంటే అనుమానపు మనిషి. తంబురాలన్నీ బయట పెట్టించాడు, వెనక చెక్క తట్టాడు, పైన దుమ్ములో వేలు పెట్టి చూశాడు.

"లోపల ఇంకెవరైనా పాడితే ఊరుకోనమ్మా," అన్నాడు.

పిన్ని లోపలికెళ్లి తలుపేసుకుంది. అప్పుడొచ్చింది గొంతు! హాలు కిటికీలు గడగడలాడాయట, కాంపౌండులో కుక్కలు కూర్చుండిపోయాయట. అంత గొంతు ఒక్క మనిషిదేనా అని పెద్దాయనకు మళ్లీ అనుమానం. పిల్లిలా వెళ్లి ఒక్కసారిగా తలుపు లాగేశాడు. పిన్ని కళ్లు మూసుకునే ఉంది. తలుపు తెరుచుకున్న సంగతే ఎరగదు. హాలంతా వింటుండగా చరణం కూడా పూర్తి చేసింది. ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడట.

ఇందులో ఎంత నిజమో తేల్చుకుందామని మొన్న పైకెళ్లాను. పిన్ని బడికి బయల్దేరుతోంది. అంతా విని, జడకు రబ్బరుబ్యాండు బిగించుకుంది.

"బీరువా లేదు, ఏం లేదు. నేను హాల్లో అందరి ముందూ పాడి పాసయ్యాను. నీకెవరు చెప్పారో గానీ, శుద్ధ అబద్ధం."