చుట్టుదారి మామయ్య

మా అమ్మాయి స్కూలు వ్యాను డ్రైవరుకి దారి తెలియదు. కొత్తవాడేం కాదు. ఏళ్ల తరబడి అదే వ్యాను, అవే వీధులు. అయినా శనివారం వచ్చిందంటే దారి తప్పాల్సిందే. పిల్లలు 'చుట్టుదారి మామయ్య' అని పేరు పెడితే, మురిసిపోయి వ్యాను వెనక రాయించుకున్నాడు.

ఆ స్కూలు మామూలుది కాదు. ఊరంతటినీ పరీక్షతో జల్లెడపట్టి, ఫస్టొచ్చే పిల్లల్నే ఏరి తెచ్చి, వాళ్లలోంచి మళ్లీ ఒకరిని ఆఖరున నిలబెడుతుంది. శనివారం సాయంత్రం ర్యాంకులు గోడకెక్కుతాయి. మా అమ్మాయి నిద్రలో కూడా లెక్కలు చేసేది. "మాన్పిద్దామండీ" అని నేనంటే మా ఆయన, "శనివారం ఎలా దిగుతోందో చూడు! పళ్లికిలించుకుంటూ! స్కూలు బాగున్నట్టేగా?" అనేవారు.

ఇంతలో తల్లిదండ్రుల సమావేశంలో గోల. "ట్యూషన్లకి ఆలస్యమవుతోంది, వాణ్ణి తీసెయ్యండి!" ముందు వ్యానెక్కి చూసి రమ్మని నన్ను పంపారు.

శనివారం ముందు సీట్లో కూర్చున్నాను. పిల్లలు సంచులు ఒళ్లో పెట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. ఆఖరున ఎక్కిన మా అమ్మాయి నన్ను చూసి, ఎర్రబడ్డ కళ్లు కిటికీ వైపు తిప్పేసుకుంది.

కూడలి వచ్చింది. "అయ్యో, ఎడమకా, కుడికా? మర్చిపోయా!"

"ఎడమకి మామయ్యా!" అన్నాడు ఫస్టు ర్యాంకువాడు.

"నువ్వు గోడ మీద ఫస్టువిరా, రోడ్డు మీద కాదు. కిటికీ తల్లీ, నువ్వు చెప్పు."

"కు... కుడికి," ముక్కు ఎగబీలుస్తూ అంది మా అమ్మాయి.

"అదీ తెలివంటే!" వ్యాను కుడికి తిరిగి, ఒక లాండ్రీ పెరట్లో ఆరేసిన దుప్పట్లలోకి దూరిపోయింది. అద్దం నిండా పూలపూల దుప్పటి.

లాండ్రీ ఆవిడ గరిటెతో వచ్చింది. "మళ్లీ తగలడ్డావా? శనివారం దుప్పట్లు ఆరేయకూడదని నాకుండాలి బుద్ధి!"

అందరూ దిగి వ్యానును వెనక్కి తోశారు. ఫస్టు ర్యాంకువాడు దుప్పటి ముసుగులోంచి బయటికి రాలేక కేకలు. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"మీకు దారి తెలుసు," అన్నాను మెల్లగా.

"తెలుసమ్మా. తిన్నగా పోతే ఇల్లు ముందొచ్చేస్తుంది, ఏడుపు ఇంకా ఆరదు. మరి తిప్పొద్దూ?"

సమావేశంలో చెప్పాను: "పాపం, ఆయనకి నిజంగానే దారి తెలీదు. ఉండనివ్వండి." ఇంట్లో మాత్రం మా ఆయనతో కుండబద్దలు కొట్టాను: "అది నవ్వింది స్కూల్ని చూసి కాదు, వ్యానులో. పిల్లల్ని ఏడిపించడం స్కూలు వంతు, ఓదార్చడం డ్రైవరు వంతూనా? ఎంత గొప్ప పేరుంటే మాత్రం మనకెందుకు?" సోమవారం ఆయనే వెళ్లి టీసీ తెచ్చారు.

మా వీధి చివరి మామూలు బళ్లో చేర్చాం. మొదటిరోజు పిలవకుండానే వ్యాను గుమ్మంలో ఆగింది.

"ఎడమకా, కుడికా మామయ్యా?"

"నేరుగానే తల్లీ. ఈ బడికి చుట్టుదారి దేనికి? శనివారం మాత్రం సాయంత్రం పాత స్కూలు పిల్లలతో వ్యానెక్కెయ్. నువ్వు లేకపోతే దారెవరు చెప్తారు?"

ఇప్పుడు ప్రతి శనివారం మా అమ్మాయిది ముందు సీటు. లాండ్రీ ఆవిడ మాత్రం దుప్పట్లు ఆరేయడం మానలేదు. పైగా పిల్లల ఎత్తుకి అందేలా తాడు కాస్త కిందికి కట్టింది.